అయ్యగారి సైకిల్ వెనుక

మోకాళ్ళ డాక్టరు నన్ను రోజూ అరగంట నడవమంటాడు. నేను నడవాల్సిందంతా పెళ్ళికాకముందే ఒక్క రోజులో నడిచేశానని చెబితే నవ్వి మందులు రాస్తాడు. ఆయన నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. నలభై ఏళ్ళు నర్సుగా చేసినదాన్ని, మోకాలు ఎందుకు అరుగుతుందో నాకు తెలియక కాదు. కానీ ఆ రోజు నడక మాత్రం ఇంకా నా కాళ్ళలోంచి దిగలేదు, అది ఏ ఎక్స్‌రేలోనూ కనిపించదు.

డెబ్భైల చివరి మాట. అప్పటికి మేము కొత్తవాడలో ఉంటున్నాం. ఊళ్ళో పనులు దొరక్క వరంగల్ వచ్చేశాక, బాపు దరీలు, అంటే జంపఖానాలు, నేసే కార్ఖానాలో నూలుకు రంగులద్దే పనికి కుదిరాడు. ఆయన చేతులు ఒక వారం ఎర్రగా, ఒక వారం నీలంగా ఉండేవి. నేను ఎనిమిదో తరగతి పాసై, ఆ పైన చదివించే స్తోమత లేక, ఇంట్లో కూర్చుని కండెలు చుడుతూ రెండేళ్ళు గడిపాను. నూలు దుమ్ముకు రాత్రంతా దగ్గేదాన్ని.

మిషన్ దవాఖానలో చిన్న నర్సుల ట్రైనింగ్‌కు ఎనిమిది చదివినవాళ్ళనూ తీసుకుంటున్నారని మా చర్చిలో ఎవరో చెప్పారు. అమ్మ ఆ మరునాడే నన్ను తీసుకుపోయింది. అక్కడి పెద్ద నర్సమ్మ నా టీసీ చూసి పెదవి విరిచింది. పదిహేడేళ్ళు నిండి ఉండాలట. టీసీ ప్రకారం నాకు ఏడాది తక్కువ. మేము కదలకుండా నిలబడేసరికి ఆవిడకే జాలి కలిగిందేమో, ఒక దారి చెప్పింది. బాప్తిస్మం రిజిస్టరులో ఉన్న పుట్టిన తేదీని చర్చి అయ్యగారితో రాయించి తెస్తే అదే లెక్కలోకి తీసుకుంటారట. సోమవారం పొద్దున పేర్లు ఖాయం చేస్తారు. ఆ తర్వాత దేవుడొచ్చి అడిగినా సీటు ఉండదంది.

"బడి పంతులుకు ఏం తెలుసమ్మా," అంది అమ్మ ఆవిడతో. "చెయ్యి నెత్తి మీదికెళ్ళి చెవికి అందుతాందా లేదా అని చూసిండు, నోటికొచ్చిన తారీఖు ఏసిండు. మా వాడల పోరగాళ్ళందరు ఒక్క దినమే పుట్టిండ్రు ఆయన లెక్కల."

అది నిజమే. మా తరగతిలో సగం మందికి జూలై ఒకటే పుట్టినరోజు. అందుకే అమ్మ మాట మీద నాకూ అనుమానం రాలేదు. బాపు మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. జనగామ వైపు నుంచి ఒక సంబంధం వచ్చి ఉంది. "సీటు దొరికితె సదువుకోనీ. దొరకకుంటె వచ్చే నెలల లగ్గం," అని ఒక్క మాటలో తేల్చేశాడు. పెళ్ళికొడుకును నేను ఒకసారి చూశాను. చెడ్డవాడేం కాదు. వాళ్ళింట్లోనూ కండెలే చుడతారు.

శనివారం పొద్దున మొదటి బస్సుకు వర్ధన్నపేటలో దిగాం. డిసెంబరు చలి. అమ్మ తల మీంచి చెద్దరు కప్పుకుంది. నేను బాపు మఫ్లరు చుట్టుకున్నాను, దానికి రంగు వాసన. మా పాత ఊరితో కలిపి చుట్టుపక్కల పదీ పన్నెండు ఊళ్ళకు ఒక్కరే అయ్యగారు. నాకు బాప్తిస్మం ఇచ్చింది ఆయనే. రిజిస్టర్లన్నీ ఆయన దగ్గరే ఉంటాయి. ఇంటికి పోయి, కాగితం రాయించుకుని, పది గంటల బస్సుకు తిరిగి రావాలనేది మా ఆలోచన.

అయ్యగారి భార్య, మేమంతా అమ్మగారు అంటాం, వాకిట్లో పొయ్యి మీద నీళ్ళు కాస్తోంది. "క్రిస్మస్ ముంగట ఆయన ఇంట్ల ఉంటడా?" అంది మమ్మల్ని చూసి. "తెల్లారకముందే సైకిలేసుకొని పోయిండు. ఊరూరికి బాప్తిస్మాలున్నయి, రిజిస్టర్లు గుడ సైకిల్ మీద్నే ఉన్నయి. మళ్ళ వచ్చుడు మంగళారమే."

మంగళవారం మాకెందుకు? అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ముందుగాల ఏ ఊరికి పోయిండు?" అని అడిగింది. మా పాత ఊరికే, అంది అమ్మగారు. చాయ్ తాగి పొమ్మంటున్నా ఆగకుండా అమ్మ రోడ్డు దిగింది. అలా మేమిద్దరం ఒక సైకిల్ వెనుక కాలినడకన బయలుదేరాం. ఇందులో తెలివితక్కువతనం ఎంత ఉందో నాకు రెండో ఊరు దాటేదాకా తట్టలేదు.

మా ఊరికి బండ్ల బాట ఉంది కానీ అది చుట్టు. అమ్మ పొలాల ఒడ్ల మీద పడి అడ్డంగా నడిచింది. మంచు ఇంకా విడవలేదు. కోసిన వరి మడుల్లో కొయ్యకాళ్ళు తడితడిగా ఉన్నాయి. చీర అంచులు మోకాళ్ళ దాకా తడిసి కాళ్ళకు చుట్టుకుంటుంటే నడక సాగడం లేదు. కందిచేన్లలో మనిషెత్తు మొక్కల మధ్య దారి కనిపించక నేను రెండుసార్లు ఆగిపోతే, అమ్మ వెనక్కి తిరగకుండానే "గీడనే, రా" అంది. మా వైపు "గీడనే" అన్నదానికి ఇంత దూరమని లేదు. అరమైలుకూ అదే మాట, నాలుగు మైళ్ళకూ అదే మాట.

ఊరు చేరేసరికి అయ్యగారు ప్రార్థన చేసి వెళ్ళిపోయి అరగంట అయిందట. అప్పుడే పరుగెత్తితే దొరికేవాడేమో. కానీ మాకు పెద్దమ్మ వరుసయ్యే ఆవిడ అమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఎన్నేండ్లకొచ్చిన్రే! తినకుంట పోతె ఊళ్ళె నా ఇజ్జత్ ఉంటదా? జర కూసోండ్రి. అయ్యగారు యాడికి పోతడు, గా చెరువవతల ఊళ్ళెనే ఉంటడు. పగటి బువ్వ తినేదాంక కదలడు."

మా వాళ్ళలో ఇదొకటి. ఇంటికొచ్చిన మనిషిని తినకుండా పోనివ్వకపోవడం వాళ్ళ పద్ధతి, కాదనలేకపోవడం మా పద్ధతి. పైగా అయ్యగారు అప్పుడే ప్రార్థన చేసి వెళ్ళిన ఇల్లు. అక్కడ విస్తరి వద్దంటే ఇంటిని అవమానించినట్టే. పెద్దమ్మ మక్క గటుక వండి, ఎల్లిపాయ కారం నూరి, తినే ముందు ప్రార్థన పెట్టింది. ఆ ప్రార్థనలో వాడలోని ప్రతి మనిషినీ పేరుపేరునా దేవుడికి ఒప్పగించింది. కళ్ళు మూసుకుని నేను బయటి ఎండ ఎంత ఎక్కిందో ఊహిస్తూ కూర్చున్నాను. అమ్మ రెండు ముద్దలు మింగి కొంగుతో మూతి తుడుచుకుంది. గంట పోయింది.

చెరువు కట్ట దిగాక దారులు మూడైపోయాయి. రాయి లేదు, గుర్తు లేదు. ఒక పశువుల కాపరిని అడిగితే కుడి అన్నాడు, గడ్డి మోపు ఎత్తుకొస్తున్న ఆమెను అడిగితే ఎడమ అంది. తెలియదు అని మాత్రం ఎవరూ అనలేదు. అడిగినవాళ్ళను ఉత్త చేతులతో పంపడం మర్యాద కాదు కదా మరి. అప్పుడు నాకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. మెత్తటి దుమ్ములో సైకిల్ టైరు గుర్తు కనిపించింది. "అమ్మా, అయ్యగారి సైకిలు!" అన్నాను. అమ్మ వంగి చూసి, నా భుజం మీద తట్టింది. ఆ రోజంతటికీ ఆమె నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే.

ఆ గుర్తును పట్టుకుని మిరప తోటలు, ఆముదపు చెల్కలు దాటాం. ఒర్రెలో దిగాం. చన్నీళ్ళకు పిక్కలు పట్టేశాయి. గట్టెక్కి చూస్తే గుర్తు మళ్ళీ కనిపించింది, ప్రాణం లేచొచ్చింది. గంటకు పైగా నడిచాక ఆ గుర్తు ఒక బావి దగ్గరి మోటారు కొట్టం ముందు ఆగిపోయింది. గోడకు సైకిల్ ఆనించి ఉంది. పక్కన ఒకాయన బీడీ కాలుస్తూ మోటారు విప్పి కూర్చున్నాడు.

"అయ్యగారా? ఏ అయ్యగారు? నేను కరెంటొచ్చిందా లేదా సూద్దామని వచ్చిన," అన్నాడు. విషయం విని నవ్వాడు. నవ్వినా మంచివాడే. పనిలోంచి లేచి వచ్చి ఒర్రె దాకా వెనక్కి తీసుకుపోయి, అసలు బాట చూపించాడు. నేను అమ్మ ముఖం చూడలేకపోయాను. అమ్మ కొంగు బిగించి ముందు నడిచింది. నాలుగు తిట్టినా బాగుండేది.

రెండో ఊరు చేరేసరికి ఎండ నడినెత్తి దాటింది. అయ్యగారు తిని, ఇద్దరు పిల్లలకు బాప్తిస్మం ఇచ్చి, గుట్ట అవతలి ఊరికి పోయాడట. "గిప్పుడే పోయిండు. గీ గుట్ట పక్క పొంటి పోతె గీడనే," అన్నారు. ఆ మాట వింటే ఏడుపొచ్చింది. అక్కడా కూర్చోమన్నారు. ఈసారి అమ్మ చేతులెత్తి దండం పెట్టింది. "పిల్ల బతుకుదెరువు మాట. వచ్చేటప్పుడు తింటం," అంది. వచ్చేటప్పుడు ఆ దారిన రామని వాళ్ళకూ తెలుసు. చెంబుడు నీళ్ళిచ్చారు, కొంగులో వేయించిన పల్లీలు పోశారు.

గుట్ట పక్క బాట అంటే మేకలు నడిచే బాట. తుమ్మ కంప, పల్లేరుగాయలు. సగం దూరంలో నా హవాయి చెప్పు పట్టీ ఊడిపోయింది. పిన్నీసు గుచ్చి నాలుగడుగులు వేస్తే మళ్ళీ ఊడింది. చెప్పులు చేతిలో పట్టుకుని నడిచాను, ముల్లు దిగింది. అక్కడే ఒక బండ మీద కూలబడ్డాను. నాకు ఇక ఏమీ వద్దనిపించింది. నర్సు పని వద్దు, తెల్ల చీర వద్దు, నిద్రపోతే చాలు.

"నాతోని కాదు. లగ్గమే చెయ్యుండ్రి. కండెలే సుట్టుకుంట," అన్నాను.

అమ్మ వచ్చి నా కాలు ఒళ్ళో పెట్టుకుంది. పిన్నీసుతో ముల్లు కెలికింది. బాగా నొప్పి పెట్టింది, అరిచాను. ముల్లు తీసి పారేసి, తన చెప్పులు విప్పి నా ముందు పెట్టింది.

"నువ్వు రాకున్నా నేను పోత," అంది.

"పంతులు తప్పే రాసిండని నీకంత నమ్మకమేంది? అయ్యగారి పుస్తకంల గుడ అదే ఉంటే?"

"కన్నది నేనా, పంతులా?" అంది అమ్మ. అప్పటికే నడవడం మొదలుపెట్టింది.

నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే లేచాను. ఆమె ఉత్త కాళ్ళతో ముందు నడుస్తుంటే, ఆమె చెప్పులేసుకుని వెనక నడవడం సిగ్గుగానూ ఉంది. తిరిగి ఇచ్చేంత మంచితనం మాత్రం నాకు ఆ పూట లేదు. మడమలు పగిలి, దుమ్ము పట్టిన ఆమె కాళ్ళు చూస్తూ నడిచాను. పల్లీలు ఎవరికి వాళ్ళమే తిన్నాం.

మూడో ఊరి పెంకుటి చర్చి కనిపించేసరికి పొద్దు గుంకుతోంది. గోడకు సైకిల్ ఉంది. మొదట నేను నమ్మలేదు. ఇందాక ఒక సైకిలును చూసి మోసపోయాను కదా. కానీ వెనక క్యారియరుకు రేకు పెట్టె కట్టి ఉంది. అయ్యగారు లోపల చాప మీద కూర్చుని, పిక్కలకు నూనె రాసుకుంటున్నాడు. ముసలాయన. ఆయనా మాలాగే అలిసిపోయి ఉన్నాడు.

"వందనాలయ్యగారూ," అంది అమ్మ గుమ్మంలోనే.

"ఎక్కడినుంచమ్మా గీ యాళల? వర్ధన్నపేట నుంచి నడిచొచ్చిండ్రా!" ఆయన నోరు తెరిచాడు. మా సంగతంతా విని, చేతులు కడుక్కుని, రేకు పెట్టె దింపించాడు. అట్ట చిరిగిన పొడుగాటి రిజిస్టరు బయటికి తీశాడు. కందిలి దగ్గరికి జరుపుకుని, వేలితో వరుసలు వెతికాడు. నేను ఆయన భుజం మీంచి చూస్తున్నాను. వేలు నా పేరు దగ్గర ఆగింది. నా పేరు, బాపు పేరు, అమ్మ పేరు, మా ఊరు. పుట్టిన తేదీ ఆయన పైకి చదివాడు.

పంతులు రాసినదానికి ఎక్కువ తేడా లేదు. మూడు నెలలు అటూ ఇటూ. నాకు పదహారే.

"ఏడాది తక్కువున్నదమ్మా," అన్నాడు అయ్యగారు నెమ్మదిగా.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. ఈమె మొండితనానికేగా ఇంత దూరం! నేను నోరు తెరవబోయేలోపే అమ్మ మాట్లాడింది.

"గది కాదయ్యగారూ. ముందటిది సూడుండ్రి. ఇంక ముందటి కాయిదాలు."

ఆయన ఆమె వంక చూశాడు. ఏదో గుర్తొచ్చినట్టుంది. ఒక్కో కాగితం వెనక్కి తిప్పాడు. మూడో కాగితంలో వేలు ఆగింది. నేను వంగి చదివాను. నా పేరే. బాపు పేరే, అమ్మ పేరే, మా ఊరే. పుట్టిన తేదీ మాత్రం నాకంటే ఇరవై నెలల ముందుది.

అయ్యగారు కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"దీనికంటె ముందు ఒక్కతి పుట్టింది," అంది అమ్మ. నాతో కాదు, ఆయనతో. "అత్త పేరు పెట్టినం. ఎనిమిది నెలలప్పుడు జెరమొచ్చింది. దవాఖానకని ఎత్తుకొని నడిచిన. సడక్ ఎక్కకముందే పోయింది. అటెన్క ఇది పుట్టింది. అదే పేరు పెట్టిన. అందరు అత్త పేరు నిలవాలనే పెట్టిందనుకున్నరు." చెద్దరు దగ్గరికి లాక్కుంది. "మళ్ళ పిలిస్తె పలుకుతదేమో అనుకున్న."

నాకు ఒక అక్క ఉండేదని ఆ సాయంత్రం దాకా నాకు ఎవరూ చెప్పలేదు. బాపు చెప్పలేదు, ఊళ్ళో గటుక పెట్టిన పెద్దమ్మ చెప్పలేదు. పదహారేళ్ళుగా నన్ను పిలిచిన ప్రతి పిలుపులో ఇంకొకరు ఉన్నారని అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక అమ్మ వైపు చూడలేకపోయాను. గుమ్మంలో నేను విడిచిన ఆమె చెప్పులు కనిపించాయి.

అమ్మకు చదువు రాదు. వేలు పెట్టి ఆ వరుసను చూపించి అడిగింది, "అయ్యగారూ, గీడ పక్కకు, పానం పోయిందని రాసి ఉన్నదా?"

"లేదమ్మా. సమాధులు రాసే పుస్తకం వేరే. అది ఇంటికాడున్నది."

"గట్లయితే ఈ పుస్తకంల బతికే ఉన్నది గదా. దానికెట్లా అక్కెరకు రాకపాయె. చెల్లెకన్న ఇయ్యుండ్రి."

అయ్యగారు తల వంచుకుని కూర్చున్నాడు. ప్రార్థన చేసుకుంటున్నాడో, ఆలోచిస్తున్నాడో తెలియలేదు. ఆయన జీవితమంతా అబద్ధం ఆడొద్దని ఊరూరూ తిరిగి చెప్పిన మనిషి. చివరికి కలం తీశాడు. "ఈ వరుసల ఏమున్నదో అదే ఎత్తి రాస్త," అన్నాడు. "అంతకంటె ఒక్క అక్షరం ఎక్కువ రాయను. ఎవరికోసమని నేను అడగను, మీరు చెప్పొద్దు." రాసి, సంతకం పెట్టి, మోహరు వేశాడు. అమ్మ ఆ తేదీని రెండుసార్లు చదివించుకుని విన్నది. మూడోసారి చదవమనే ధైర్యం లేక ఊరుకుంది.

ఆ రాత్రి అక్కడే పడుకుని, ఆదివారం ఎవరిదో ఎడ్లబండి ఎక్కి రోడ్డుకు చేరాం. సోమవారం పెద్ద నర్సమ్మ కాగితం చూసి, ఇదుగో ఇప్పుడు సరిపోయింది, అంది. సీటు వచ్చింది. జనగామ సంబంధం పోయింది. అమ్మా నేనూ ఆ కాగితం గురించి మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

సర్వీసు మొత్తం అక్క తేదీ మీదే గడిచింది. ఏటా ఆ రోజున తోటి నర్సులు మిఠాయి అడిగేవాళ్ళు, పెట్టేదాన్ని. నా అసలు తేదీ నాకే గుర్తుండేది కాదు. ఎన్నో రాత్రి డ్యూటీల్లో జ్వరపు పిల్లలను ఎత్తుకొచ్చిన తల్లులను చూశాను. వాళ్ళ కాళ్ళ వైపు చూడకుండా ఉండటం నాకు చేతనయ్యేది కాదు. ఇరవై నెలలు ముందుగానే రిటైరు కావలసివచ్చింది. నాకు దిగులనిపించలేదు. ఒళ్ళు అప్పటికే విశ్రాంతి అడుగుతోంది, ఆ ఇరవై నెలలూ నావి కావు కూడా.

శాలువా కప్పి, దండ వేసి సాగనంపారు. ఇంటికి వచ్చేసరికి అమ్మ మంచం మీద గోడకు ఒరిగి కూర్చుని ఉంది. అప్పటికి ఆమెకు ఎనభై దగ్గర పడ్డాయి, చూపు మందగించింది. శాలువా ఆమె ఒళ్ళో పెట్టి, "నౌకరి అయిపోయిందమ్మా. యాభై ఎనిమిది నిండినయని ఇంటికి పంపిండ్రు," అన్నాను. ఆమె శాలువాను చేత్తో నిమిరింది. వేళ్ళు మడిచి ఏదో లెక్క పెట్టుకుంది. తర్వాత నా చెయ్యి వెతికి పట్టుకుంది.

"దానికి యాభై ఎనిమిది నిండినయా బిడ్డా?" అని అడిగింది.

నిండినయమ్మా, అన్నాను.